నాపరాళ్లు తోలేదానికి నాలుగు టైర్ల పికప్పా, ఆరు టైర్ల బండా?

తాడిపత్రి బండలు:
అన్నలకు నమస్తే. మాది చిన్న పాలిష్ యూనిట్. ఇంతకాలం కిరాయి బండ్లతోనే నెట్టుకొచ్చినాం, ఇప్పుడు సొంతానికి ఒకటి తీసుకోవాలనుకుంటాండాం. కడప, రాయచోటి వైపు ఆర్డర్లు దండిగా ఉన్నాయి. వెనక రెండే టైర్లుండే 1.7 టన్నుల బొలేరో పికప్ చాలంటాడు తమ్ముడు. నాకేమో వెనక జంట టైర్లుండే టాటా 407 లారీ మీద మనసు. ఇంకో ఆలోచన కూడా ఉండాది: పికప్ తీసుకోని దానెనక చిన్న ట్రైలర్ కట్టుకుంటే ఎట్లుంటాది?

సీమ స్టీరింగ్:
పికప్పే తీసుకో అప్పా. ఆరు టైర్లు మార్చే రోజు వస్తే తెలుస్తాది నీకు. ఖాళీగా తిరిగొచ్చినా ఆరూ అరుగుతానే ఉంటాయి. డీజిల్ కూడా ఎక్కువే తాగుతాది. ఇల్లు కట్టేవాడు బండలు వాకిట్లో దించమంటాడు, ఆ సందుల్లో 407 తిప్పేది నువ్వా, నీ తమ్ముడా?

లెక్కల మామ:
తూకం లెక్క చూడకుండా టైర్లు లెక్కబెడితే ఎట్ల? రెండడుగుల చదరం బండ, అంగుళం మందం అంటే ఘనపుటడుగులో మూడో వంతు. నాపరాయి ఘనపుటడుగు 75 కిలోల చిల్లర తూగుతాది. అంటే బండకు 25 కిలోలు. 1.7 టన్నులకు 68 బండలు, 272 చదరపుటడుగులు. ఒక హాలుకే సరి. తొట్టి చూస్తే సగం కూడా నిండి ఉండదు, అదీ అసలు తిప్పలు. "ఇంకో ఇరవై వేయప్పా" అంటాడు మేస్త్రీ. ఆ ఇరవైతో అర టన్ను పైకెక్కె. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఆపైన టన్నుకు 2,000.

సీమ స్టీరింగ్:
అందరూ వేస్తానే ఉండారు మామా. ఏమైంది?

కోవా ఊరోడు:
ఏమైందో మా ఊరికొచ్చి చూడు. కడప-రాయచోటి దావలో గువ్వలచెరువు ఘాట్ దగ్గర మాకు కోవా అంగడి. పోయిన ఎండాకాలం ఒక పికప్ బండలేసుకోని దిగుతాంటే వెనక ఎడమ టైరు పగిలె. ఒక్కటే టైరు కదా, ఆ మూల రిమ్ము మీద కూలబడి బండి అడ్డం తిరిగె. బండలన్నీ రోడ్డు మీద. దేవుని దయ, బండి తోలే పిలకాయ బతికినాడు. జంట టైర్లయితే ఒకటి పగిలినా పక్కది పక్కకు ఆపుకునేంత సేపైనా మోస్తాది. ఇంటిదాకా తోలుకొస్తానంటే మాత్రం అదీ పగుల్తాది.

పంచర్ పెద్దన్న:
జంట టైర్లని మురిసిపోవద్దు. నా దగ్గరికొచ్చే ఆరు టైర్ల బండ్లలో లోపలి టైరుకు గాలి చూపించుకునేవాళ్లు అరుదు. చెయ్యి దూరదు కదా, వదిలేస్తారు. లోపలిది మెత్తబడితే బరువంతా బయటిదాని మీద పడి రెండూ వేడెక్కుతాయి. ఇంకోటి: డబ్బులు మిగులుతాయని ఒక కొత్తది, ఒక అరిగింది జత కడతారు. కొత్తది ఎత్తుగా ఉంటాది, బరువు ఎక్కువ అదే మోస్తాది, అరిగిన పొట్టిది రోడ్డు మీద ఈడ్చుకుంటా ఇంకా అరిగిపోతాది. క్వారీ దావల్లో రెంటి నడుమ రాయి ఇరుక్కుంటే టైరు పక్కలు కోసేస్తాది. అన్‌లోడైన ప్రతిసారీ కడ్డీతో పొడిచి చూసుకోవాల. ఇవన్నీ చేసేటట్టయితేనే 407. లేదంటే పికప్పే మేలు, గాలి తగ్గితే కంటికి కనపడతాది.

డాలస్ పులివెందుల:
ట్రైలర్ మాట నేను చెప్తా. ఇక్కడ అమెరికాలో ఎఫ్-350, రామ్ 3500 లాంటి పెద్ద పికప్పులు వెనక రెండు టైర్లతోనూ వస్తాయి, నాలుగు టైర్లతోనూ వస్తాయి. నాలుగుంటే ఎక్కువ లాగుతాదని వచ్చిన కొత్తలో నేనూ అనుకున్నా. లాగేది ఇంజనే. ట్రైలర్ బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు కొక్కెం మీద కూర్చుంటాది. తొట్టి నడుమ తగిలించే గూస్‌నెక్ అయితే 15 నుంచి 25 దాకా. ఆ బరువు మోసేదానికి, పక్కగాలికి ట్రైలర్ ఊగితే బండి నిలదొక్కుకునేదానికి జంట చక్రాలు. నీ పికప్ తొట్టిలో అప్పటికే బండలుంటే కొక్కెం బరువు ఎవరు మోయాల? పైగా మన దగ్గర ట్రైలర్‌కు రిజిస్ట్రేషన్ వేరే.

తాడిపత్రి బండలు:
ట్రైలర్ మాట వదిలేసినా. 407కు హెవీ లైసెన్స్ కావాల్నా?

లెక్కల మామ:
అక్కర్లేదు. ఆర్సీలో మొత్తం బరువు 7,500 కిలోల లోపుంటే లైట్ లైసెన్స్ చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది.

తాడిపత్రి బండలు:
పోయిన నెల కాటా చీటీలన్నీ తీసి చూసినా. రెండు టన్నులు దాటినవే ఎక్కువ. తమ్ముడు చూసి ఏమీ అనలేదు, సందులో ఎట్ల తిప్పుతావో చూస్తా అన్నాడంతే. ఆదివారం గుత్తిలో సెకండ్ హ్యాండ్ 407 ఒకటి చూసేదానికి పోతాండాం.

సీమ స్టీరింగ్:
లోపలి టైర్లు తట్టి చూడు, కమాన్ కట్టలు, అదే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, పగిలుండాయేమో వంగి చూడు. ఉండు, నేనూ వస్తా. మాది గుత్తే.