రాస్‌బెరీ పై, డాక్, ఆంప్ అన్నీ ఒకే 24 వోల్ట్ ఎస్‌ఎంపీఎస్ మీద: స్పీకర్లో కీచు, బరబర పోవాలంటే?

టంకం:

సెటప్ ఇది. 24 వోల్ట్, 5 ఆంపియర్ ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ఒక్కటే. దాని నుంచి ఒక జత వైర్లు నేరుగా టీపీఏ3116 ఆంప్ బోర్డుకి. ఇంకో జత ఎల్‌ఎం2596 బక్ (వోల్టేజ్ దించే) మాడ్యూల్‌కి, అక్కడ 5.1 వోల్ట్‌కి దించి రాస్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి (కింద ‘పై’ అంటే ఇదే). పై మీద పీసీఎం5102 డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే) బోర్డు, ఐ2ఎస్ (డిజిటల్ ఆడియో) వైర్లు 8 సెంటీమీటర్లు. డాక్ నుంచి ఆంప్‌కి 40 సెంటీమీటర్ల షీల్డ్ కేబుల్.

పాట ఆగి ఉన్నప్పుడు సన్నటి కీచు, దాని మీద బరబర. యూఎస్‌బీ డిస్క్ నుంచి ఫైల్ చదివినప్పుడల్లా బరబర పెరుగుతోంది. ప్లేయర్‌లో వాల్యూమ్ తగ్గిస్తే పాట తగ్గుతుంది గానీ ఈ చప్పుడు మాత్రం అంతే. బక్ అవుట్‌పుట్‌కి 1000 మైక్రోఫారాడ్ కెపాసిటర్ వేశాను, పై పవర్ వైరుకి ఫెరైట్ క్లిప్ పెట్టాను. ఏమీ తేడా లేదు. డాక్‌కి విడిగా మంచి లీనియర్ సప్లై కడితే పోతుందా?

వైరింగ్_మేస్త్రి:

ఇప్పుడే ఏమీ కొనకండి. ఎల్‌ఎం2596 స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 150 కిలోహెర్ట్జ్, టీపీఏ3116ది 400 కిలోహెర్ట్జ్ పైన. ఆ రెండూ నేరుగా మన చెవికి వినపడవు. మీకు వినిపిస్తున్నది పై లాగే కరెంట్‌లోని హెచ్చుతగ్గులు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి ఆ కీచు ఎక్కడుందో చూడండి. 8 కిలోహెర్ట్జ్ దగ్గర నిటారుగా గీత కనిపిస్తే అది యూఎస్‌బీది: హై స్పీడ్ యూఎస్‌బీలో ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒక మైక్రోఫ్రేమ్ నడుస్తుంది.

అది ఆడియోలోకి ఎలా వస్తుందంటే: ఎల్‌ఎం2596 మాడ్యూల్‌లో ఐసొలేషన్ లేదు, లోపలికీ బయటికీ గ్రౌండ్ ఒక్కటే. కాబట్టి పై నుంచి బక్‌కి కరెంట్ తిరిగి పోవడానికి రెండు దారులు. ఒకటి దాని సొంత గ్రౌండ్ వైరు. రెండోది డాక్ గ్రౌండ్, కేబుల్ షీల్డ్, ఆంప్ గ్రౌండ్, ఎస్‌ఎంపీఎస్ మైనస్ మీదుగా చుట్టు తిరిగి బక్‌కి. సొంత వైరు, కనెక్టర్ కలిపి 30 మిల్లీ ఓమ్, చుట్టుదారి 200 మిల్లీ ఓమ్ అనుకోండి. కరెంట్‌లో 13 శాతం షీల్డ్ గుండా పోతుంది. పై కరెంట్ అర ఆంపియర్ ఎగిరిపడితే షీల్డ్‌లో 65 మిల్లీ ఆంపియర్లు. షీల్డ్, జాక్ కాంటాక్ట్‌లు కలిపి 60 మిల్లీ ఓమ్ ఉంటే దాదాపు 4 మిల్లీ వోల్ట్‌లు సిగ్నల్‌తో సిరీస్‌లో చేరతాయి. ఆంప్ గెయిన్ 26 డెసిబెల్, అంటే 20 రెట్లు. స్పీకర్ దగ్గర 80 మిల్లీ వోల్ట్‌లు. రాత్రి గదిలో స్పష్టంగా వినపడుతుంది. ఇది డాక్ తర్వాత చేరేది కాబట్టే ప్లేయర్ వాల్యూమ్‌కి లొంగడం లేదు. మీ కెపాసిటర్, క్లిప్ పనిచేయకపోవడానికి కారణమూ అదే: వినపడే ఫ్రీక్వెన్సీల్లో ఆ క్లిప్ ఉన్నా లేనట్టే.

రెండు పరీక్షలు చేయండి, ప్రతిసారీ పవర్ ఆపాకే వైర్లు మార్చండి. మొదటిది: కేబుల్ తీసేసి, ఆంప్ ఇన్‌పుట్ దగ్గరే సిగ్నల్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేయండి. చప్పుడు పోతే ఆంప్, ఎస్‌ఎంపీఎస్ తప్పు లేదు. రెండోది: కేబుల్ మళ్లీ పెట్టి, బక్ వైర్లు పూర్తిగా ఊడదీసి పైని పవర్ బ్యాంక్ మీద నడపండి. అప్పుడు నిశ్శబ్దం వస్తే కారణం ఆ చుట్టుదారే, అంటే గ్రౌండ్ లూపే. అప్పటికీ మోగితే డాక్ సప్లై వైపు చూడాలి.

టంకం:

షార్ట్ చేస్తే చాలా సన్నటి బుస తప్ప ఏమీ లేదు. పవర్ బ్యాంక్ మీద కీచు, బరబర రెండూ పోయాయి, డిస్క్ చదువుతున్నా కూడా. అయితే డాక్‌కి బీ0505ఎస్ ఐసొలేటెడ్ (లోపలి, బయటి గ్రౌండ్ విడిగా ఉండే) పవర్ మాడ్యూల్ పెడితే సరిపోతుందా? కోఠిలో తేలిగ్గా దొరుకుతుంది.

ఏకతార:

సరిపోదండి, చాలామంది పడే గుంట ఇదే. డాక్ పవర్‌ని ఐసొలేట్ చేసినా ఐ2ఎస్ వైర్లతో పాటు గ్రౌండ్ వైరు కూడా పై నుంచి వస్తుంది కదా, లూప్ అలాగే ఉంటుంది. నిజంగా అక్కడ విడగొట్టాలంటే బిట్ క్లాక్, వర్డ్ క్లాక్, డేటా మూడింటికీ ఎస్‌ఐ8640 లాంటి డిజిటల్ ఐసొలేటర్ కావాలి. 44.1 కిలోహెర్ట్జ్ పాటకి బిట్ క్లాక్ 2.8224 మెగాహెర్ట్జ్ వరకు పోతుంది, చిప్ వేగం చూసి కొనాలి.

అంత అవసరం లేదు. బక్‌ని తీసేసి పైకి విడిగా రెండు పిన్నుల 5.1 వోల్ట్, 3 ఆంపియర్ అడాప్టర్ పెట్టండి. అడాప్టర్‌లో మెయిన్స్ వైపుకీ అవుట్‌పుట్‌కీ మధ్య ఉండే వై కెపాసిటర్ గుండా 50 హెర్ట్జ్ కరెంట్ కొంచెం పారుతుంది. కానీ 2.2 నానోఫారాడ్‌కి 230 వోల్ట్ మొత్తం పడినా 0.16 మిల్లీ ఆంపియరే. షీల్డ్ మీద 10 మైక్రోవోల్ట్ కూడా రాదు.

ఒకే సప్లై ఉండాలంటే 24 వోల్ట్ నుంచి 5 వోల్ట్‌కి ఐసొలేటెడ్ మాడ్యూల్ తీసుకోండి, కనీసం 15 వాట్లది. బీ0505ఎస్ 1 వాట్ మాత్రమే, పై బూట్ కూడా అవ్వదు.

పెద్దగా ఖర్చు లేని దారి ఇంకొకటి ఉంది, నాకు ఇష్టమైనది కూడా. టీపీఏ3116 ఇన్‌పుట్‌లు డిఫరెన్షియల్, అంటే ప్లస్, మైనస్ ఇన్‌పుట్‌ల మధ్య తేడానే పెంచుతాయి. సాధారణంగా బోర్డుల మీద మైనస్ ఇన్‌పుట్‌ని ఒక కెపాసిటర్‌తో బోర్డు గ్రౌండ్‌కి కట్టేస్తారు. ఆ కెపాసిటర్ గ్రౌండ్ వైపు కాలు లేపి, 470 ఓమ్ రెసిస్టర్ మీదుగా డాక్ గ్రౌండ్‌కి కలపండి. డాక్ బోర్డు అవుట్‌పుట్‌లో మామూలుగా 470 ఓమ్ ఉంటుంది, రెండు కాళ్లూ సమానంగా ఉండటానికే ఇది. రెండు చానెళ్లకూ చేయాలి. కేబుల్ లోపల రెండు తీగలున్నది వాడి, షీల్డ్‌ని డాక్ వైపు మాత్రమే కలపండి. అప్పుడు గ్రౌండ్‌ల మధ్య ఉన్న 4 మిల్లీ వోల్ట్‌లు రెండు ఇన్‌పుట్‌లకీ ఒకేలా వచ్చి రద్దవుతాయి. పైకి వేరే అడాప్టర్ పెట్టి ఇది కూడా చేస్తే, రెండు గ్రౌండ్‌లూ గాలిలో తేలకుండా మధ్యలో 10 ఓమ్ రెసిస్టర్ వేయండి.

1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ కూడా లూప్ తెంపుతుంది. కానీ చౌకరకం చిన్నవి బాస్‌లో సాచురేట్ అవుతాయి, తబలా డగ్గా దెబ్బ మెత్తబడిపోతుంది. నేనైతే పెట్టను.

సీతాఫలం:

ఇప్పటిదాకా చెప్పిన సలహాలు సరైనవే. మిగిలిన ఆ సన్నటి బుస గురించి: పీసీఎం5102 గరిష్ఠంగా 2.1 వోల్ట్ ఆర్‌ఎంఎస్ ఇస్తుంది. దాన్ని 10 రెట్లు చేస్తేనే 21 వోల్ట్, 24 వోల్ట్ సప్లై మీద బ్రిడ్జ్ ఆంప్ ఇవ్వగలిగినది 17 వోల్ట్ ఆర్‌ఎంఎస్ లోపే. కాబట్టి 26 డెసిబెల్ గెయిన్ వృథా. గెయిన్ పిన్ దగ్గర గ్రౌండ్‌కి 20 కిలో ఓమ్, జీవీడీడీకి (చిప్ లోపలి సప్లై పిన్) 100 కిలో ఓమ్ ఉంటే అది 26 డెసిబెల్ సెట్టింగ్. 100 కిలో ఓమ్ తీసేసి, 20 కిలో ఓమ్ బదులు 5.6 కిలో ఓమ్ వేస్తే 20 డెసిబెల్. చిప్ పవర్ ఆన్ అయ్యేటప్పుడే గెయిన్ చదువుకుంటుంది, నడుస్తుండగా మారిస్తే పట్టించుకోదు. ఇన్‌పుట్ దగ్గర చేరే ఏ నాయిస్ అయినా స్పీకర్ దగ్గర సగమవుతుంది. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కూడా 30 నుంచి 60 కిలో ఓమ్‌కి పెరుగుతుంది.

వాల్యూమ్‌కి ఆంప్ ముందు 10 కిలో ఓమ్ లాగ్ డ్యూయల్ పాట్ (పొటెన్షియోమీటర్) పెట్టండి. ఏకతార గారు చెప్పిన మార్పు చేస్తే పాట్ కింది కాలు ఆంప్ గ్రౌండ్‌కి కాదు, డాక్ గ్రౌండ్ తీగకే పోవాలి. అక్కడ పొరపాటు చేస్తే లూప్ మళ్లీ మొదటికొస్తుంది.

టంకం:

కెపాసిటర్ కాలు లేపి రెండు చానెళ్లకూ 470 ఓమ్ వేశాను, గెయిన్ 20కి దించాను. బక్ అలాగే ఉంది. కీచు లేదు. చెవి స్పీకర్‌కి ఆనించి, డిస్క్ చదువుతున్నప్పుడు వింటే మాత్రం బరబర లీలగా ఉంది.

వైరింగ్_మేస్త్రి:

ఆ మిగిలింది సొంత గ్రౌండ్ వైరు వల్ల. బక్ నుంచి పైకి వెళ్లే మైనస్ వైరు లావుగా, 1 చదరపు మిల్లీమీటర్ ది, వీలైనంత పొట్టిగా వేయండి. జంపర్ వైర్లు వద్దు, నేరుగా సోల్డర్ చేయండి. బక్ మైనస్, ఆంప్ మైనస్ ఎస్‌ఎంపీఎస్ టెర్మినల్ దగ్గరే కలవాలి, దారిలో ఒకదాని మీంచి ఒకటి వేలాడకూడదు.