అప్‌డేట్: వై యాక్సిస్ మోటార్ మధ్యలో ఆగిపోవడం – పరిష్కారం దొరికింది

3018 మిల్లింగ్ మెషిన్‌లో (కంప్యూటర్‌తో నడిచే చిన్న సీఎన్‌సీ) వేగం నిమిషానికి 800 మి.మీ. దాటగానే వై మోటార్ గుర్రుమని ఆగిపోతోందని అడిగాను కదా, తీరింది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

వీరెఫ్ (మోటార్‌కి ఎంత కరెంటు ఇవ్వాలో డ్రైవర్‌కి చెప్పే రిఫరెన్స్ వోల్టేజి) కొలవమన్న మాటే నిజమైంది. మోటార్‌ని నడిపే ఏ4988 డ్రైవర్ బోర్డు మీద అది 0.4 వోల్టులే ఉంది. కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్ 0.1 ఓమ్; ఈ డ్రైవర్‌కి దాన్ని 8తో గుణించాలి కాబట్టి, వీరెఫ్‌ని 0.8తో భాగిస్తే కరెంటు 0.5 ఆంపియర్, మోటార్ రేటింగేమో 1.3. డ్రైవర్ మీది చిన్న స్క్రూ తిప్పి వీరెఫ్ 0.8కి తెచ్చాక 1 ఆంపియర్ వస్తోంది, వేగం నిమిషానికి 1000 మి.మీ. దగ్గర కూడా మోటార్ స్టెప్పులు పోవట్లేదు. హీట్‌సింక్, ఫ్యాన్ లేకుండా ఇంత పెంచకండి: డ్రైవర్ వేడెక్కి తనంతట తానే ఆగుతుంది, అచ్చం పాత సమస్యలాగే కనిపిస్తుంది.

కేబుల్, 24 వోల్టుల సప్లై మార్చినా తేడా రాలేదు. కరెంటు ఉండగా మోటార్ వైరు మాత్రం పీకకండి, డ్రైవర్ కాలిపోవచ్చు.