అప్‌డేట్: అండర్‌గ్రౌండ్ ఐరన్ ఓర్‌కి ఏ లోడర్? తేలిపోయింది

బెంగళూరు ఆఫీసు నుంచి ఒక మాగ్నెటైట్ (బరువైన ఇనుప ఖనిజం) గని ప్రాజెక్టు చూస్తూ, ఒక్కసారికి 10 టన్నులు మోసే ఎల్‌హెచ్‌డీ లోడర్ (గని లోపల ఓర్‌ని బకెట్‌తో ఎత్తి, మోసుకెళ్లి పోసే బండి) తీసుకోవాలా, 14 టన్నులదా అని అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. "ముందు ఓర్ బరువు చూడండి" అన్న సలహాయే పనికొచ్చింది.

మల్లేశ్వరంలో ఉండే, కోలార్ గనుల్లో చేసి రిటైరైన ఇంజనీరు గారికి కేటలాగ్ చూపించాను. బకెట్ సైజు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఇది మామూలు రాయికి బాబూ" అన్నారు. గ్రానైట్ సాంద్రత క్యూబిక్ మీటరుకి దాదాపు 2.7 టన్నులు, శుద్ధ మాగ్నెటైట్‌ది 5.2 వరకు. పగిలాక కూడా మా ఓర్ క్యూబిక్ మీటరు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 10 టన్నుల బండికి 5 క్యూబిక్ మీటర్ల బకెట్ తగిలిస్తే ఒక్క ఎత్తుకి 15 టన్నులు. ఇక టైర్లు, యాక్సిళ్లు ఏం మిగుల్తాయి? చివరికి 14 టన్నుల బండి, 4.6 క్యూబిక్ మీటర్ల బకెట్‌తో ఖాయమైంది. సొరంగం వెడల్పు కూడా సరిపోయింది.

డీజిల్ వద్దనుకున్నాం; పొగ పలచబరచడానికి పంపే గాలికే ఫ్యాన్ల కరెంటు బిల్లు వాచిపోతుంది. స్వీడన్‌లోని కిరునా గనిలోలా కేబుల్‌తో నడిచే ఎలక్ట్రిక్ బండే. మనం అంతసేపు వాదించుకున్న బ్రాండు, హార్స్‌పవర్ లెక్కలోకే రాలేదు.