ఏల్ రుచిని చెప్పడానికి ‘కమ్మన’ సరిపోతుందా?

స్కాట్లాండ్ సేంద్రియ ఏల్ (ఒక రకం బీరు) ఒకదాన్ని రుచి చూసిన మిత్రులు తమ వ్యాసంలో ‘మాల్ట్ తీపి, పొడి ముగింపు’ అని రాసి, ఇంతకన్నా మంచి మాటలున్నాయా అని అడిగారు. నా అభిప్రాయం కాస్త వివరంగా రాస్తున్నాను.

వారు చెప్పిన ఏల్ పేరు రెడ్ కైట్. అది ఇన్వర్నెస్ నగరానికి ఉత్తరాన బ్లాక్ ఐల్ ద్వీపకల్పంలో 1998లో మొదలైన సేంద్రియ బ్రూవరీది (బీరు తయారీశాలది). పేరును తెలుగు చేయాలనుకునేవారు ఆ కైట్ గద్ద అనీ, గాలిపటం కాదనీ గమనించాలి. స్కాట్లాండ్‌లో అంతరించిపోయిన ఆ గద్దలను 1989 నుంచి తెచ్చి వదిలిన చోట్లలో బ్లాక్ ఐల్ ఒకటి.

‘మాల్ట్’ను అనువదించనక్కరలేదు. రాగిమాల్ట్ పుణ్యమా అని ఆ మాట మన వంటింట్లో ఎప్పుడో స్థిరపడింది. ధాన్యాన్ని నానబెట్టి, మొలకెత్తించి, వేడిమీద ఆరబెట్టడమే మాల్ట్ చేయడం. ఆ వేడి ఎంత ఎక్కువైతే రంగు అంత ముదురుతుంది, వేయించిన వాసన అంత పెరుగుతుంది. ఇక్కడే ‘తీపి’ అన్న మాట చాలదు. తీపి నాలుకకే పరిమితం కాగా, మాల్ట్ గుణంలో సగానికి పైగా ముక్కుకు తెలిసేదే. తెలుగులో ఈ రెంటినీ కలిపి పట్టుకునే మాట ‘కమ్మన’. కమ్మతెమ్మెర అన్నప్పుడు అది పరిమళం, కమ్మటి పెరుగు అన్నప్పుడు పులుపెక్కని రుచి, నెయ్యి కమ్మగా ఉందన్నప్పుడు వాసనా రుచీ విడదీయలేని అనుభవం. కాబట్టి ‘మాల్ట్ కమ్మదనం’ అనడమే నాకు సమంజసంగా తోస్తున్నది.

‘పొడి ముగింపు’ను (ఇంగ్లీషులో ‘డ్రై ఫినిష్’) మాత్రం నేను ఒప్పుకోలేను. ద్రవం పొడిగా ఉండడం తెలుగు చెవికి ఎక్కదు. ఈస్ట్ చక్కెరను చాలావరకు తినేయడంవల్ల తీపి నాలుకపై నిలవదని చెప్పడమే అక్కడి ఉద్దేశం, కనుక ఆ మాటే రాయవచ్చు. హాప్స్ పూలనుంచి వచ్చేది చేదు, గింజ పొట్టులోని టానిన్లనే పదార్థాలనుంచి వచ్చేది వగరు. మామిడి పిందె కొరికిన నోటికి ఈ తేడా విడమరచి చెప్పనవసరం లేదు గనుక, రెంటినీ ‘చేదు’ కిందే జమకట్టడం మన షడ్రుచుల భాషకు అన్యాయమవుతుంది.

క్రియాపదం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘కాచిన ఏల్’ అంటే సారా గుర్తుకువస్తుంది. తయారీలో మాల్ట్ రసాన్ని హాప్స్‌తో మరిగించే దశ ఉన్నా, మద్యం పుట్టేది పులియడంవల్లనే, సారాలా బట్టీలో ఆవిరిపట్టి దించడంవల్ల కాదు. కనుక ‘పులియబెట్టిన’ అనడమే సరైనది. అలాగే ‘సేంద్రియ రుచి’ అనకూడదు. సేంద్రియమన్నది కృత్రిమ ఎరువులు, పురుగుమందులు లేకుండా పంటను పండించిన పద్ధతికి చెందిన విశేషణం, రుచికి కాదు.

వీటన్నిటినీ కలిపి వారి వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “సేంద్రియ బార్లీ మాల్ట్‌తో పులియబెట్టిన ఈ రాగిచెంబు రంగు ఏల్ మొదటి గుక్కలో కమ్మగా ఉండి, తీపి నిలవకుండా జారిపోగా, చిరుచేదునూ కొద్దిపాటి వగరునూ నాలుకపై మిగులుస్తుంది.” మీ ప్రాంతంలో ‘కమ్మన’ను పానీయాలకు వాడే అలవాటు లేకపోతే, దాని బదులు ఏమంటారో తెలియజేయగలరు.