ఎరుపు-నీలం డెక్‌లో ల్యాండ్స్ ఎలా పంచాలి? సింబల్స్ లెక్కేసినా కుదరట్లేదు

తొలిమెరుపు:

మ్యాజిక్: ద గ్యాదరింగ్ కార్డుల ఆట ఆడేవాళ్లు కాస్త సాయం చేయండి. 60 కార్డుల ఎరుపు-నీలం డెక్ ఒకటి కట్టాను. 24 ల్యాండ్స్ (మానా, అంటే స్పెల్స్ వేయడానికి ఖర్చుపెట్టే శక్తిని ఇచ్చే కార్డులు), 36 స్పెల్స్. ఒక్కో కార్డు నాలుగేసి చొప్పున ఇవీ నా స్పెల్స్:

ఎరుపు: లైట్నింగ్ బోల్ట్, మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్, ఇన్సినరేట్.
నీలం: ఆప్ట్, కౌంటర్‌స్పెల్, డివినేషన్, ఎయిర్ ఎలిమెంటల్.
రెండూ కావాల్సినవి: ఇజ్జెట్ చార్మ్, ఎలక్ట్రోలైజ్.

మొదట 12 మౌంటెన్లు (ఎరుపు మానా ఇచ్చేవి), 12 ఐలాండ్లు (నీలం మానా ఇచ్చేవి) పెట్టాను. చేతిలో రెండు కౌంటర్‌స్పెల్స్ (ఎదుటివాళ్ల స్పెల్‌ని ఆపేవి, ఒక్కోదానికి రెండు నీలం కావాలి), టేబుల్ మీద మూడు మౌంటెన్లు, ఒకే ఒక్క ఐలాండ్. ఇలాంటి ఆటలు మాటిమాటికీ వస్తున్నాయి. సరే అని కార్డుల మీదున్న మానా సింబల్స్ (ఖర్చు గుర్తులు) లెక్కపెట్టాను: ఎరుపు 20, నీలం 32. ఆ నిష్పత్తిలో పంచితే 9 మౌంటెన్లు, 15 ఐలాండ్లు వచ్చాయి. ఇప్పుడు మొదటి టర్న్‌లోనే దిగి దాడి చేయాల్సిన స్విఫ్ట్‌స్పియర్ చేతిలోనే ఉండిపోతోంది, నాలుగో టర్న్‌కి గానీ దిగట్లేదు. అప్పటికి దానితో పనేముంది?

డ్యూయల్ ల్యాండ్స్‌లో (రెండు రంగుల్లో ఏదైనా ఇచ్చేవి) నా దగ్గరున్నవి స్విఫ్ట్‌వాటర్ క్లిఫ్స్ నాలుగు మాత్రమే. స్టీమ్ వెంట్స్ లాంటివి లేవు. అసలు ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడోఐలాండ్:

సింబల్స్ లెక్కపెట్టడం తప్పు కాదండీ, కానీ అది సగం సమాధానమే. మీ డెక్‌లో ఏ రంగు ఎక్కువుందో అది చెబుతుంది. ఏ రంగు ఎప్పుడు కావాలో చెప్పదు. ఎయిర్ ఎలిమెంటల్ మీద రెండు నీలం సింబల్స్ ఉన్నాయి, నిజమే. కానీ ఐదో టర్న్ దాకా దాని ఊసే రాదు, ఆలోపు ఐలాండ్లు మెల్లగా చేరతాయి. స్విఫ్ట్‌స్పియర్ మీద ఉన్నది ఒకే ఎరుపు, అది మాత్రం మొదటి టర్న్‌లోనే కావాలి. మీ లెక్కలో ఎలిమెంటల్‌కి రెండు ఓట్లు, స్విఫ్ట్‌స్పియర్‌కి ఒక ఓటు పడ్డాయి.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 60 కార్డుల్లో 9 మౌంటెన్లే ఉంటే మొదటి ఏడు కార్డుల్లో ఒక్కటి కూడా రాకపోయే అవకాశం 30 శాతం. 12 ఉంటే 19 శాతం. 14 ఉంటే 14 శాతానికి దిగుతుంది. ఇక కౌంటర్‌స్పెల్. 12 ఐలాండ్లతో మీరు ముందు ఆడుతున్నారనుకుందాం. రెండో టర్న్‌కి ఎనిమిది కార్డులు చూసి ఉంటారు. వాటిలో కనీసం రెండు ఐలాండ్లు ఉండే అవకాశం 51 శాతమే. అంటే సగం ఆటల్లో ఆ కార్డు సమయానికి పనిచేయదు. అదే 20 నీలం సోర్సులు (నీలం మానా ఇచ్చే ల్యాండ్స్) ఉంటే 82 శాతం.

ఈ లెక్కలన్నీ శ్రద్ధగా కట్టి పెట్టిన మనిషి ఫ్రాంక్ కార్‌స్టెన్, మ్యాజిక్ ప్రొఫెషనల్ పోటీలైన ప్రో టూర్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడు. 60 కార్డుల డెక్‌కి ఆయన పట్టికలో మొదటి టర్న్‌లో ఒక రంగు సింబల్ కావాలంటే 14 సోర్సులు. రెండో టర్న్‌లో ఒక రంగు, ఇంకొకటి ఏదైనా అయితే 13. రెండో టర్న్‌లోనే ఒకే రంగువి రెండు కావాలంటే దాదాపు 20. ఏ డెక్ కట్టినా నేను ముందు ఈ మూడు అంకెలే చూసుకుంటాను.

ఇప్పుడు మీ డెక్. స్విఫ్ట్‌స్పియర్‌కి 14 ఎరుపు, కౌంటర్‌స్పెల్‌కి 20 నీలం. కలిపితే 34. మీకున్నవి 24 ల్యాండ్స్. ఆ తేడా పూడాలంటే రెండు రంగులూ ఇచ్చే ల్యాండ్స్ పది ఉండాలి, ఎందుకంటే ఒక్కో డ్యూయల్ రెండు వైపులా లెక్కకొస్తుంది. మీ దగ్గర నాలుగే ఉన్నాయి. మౌంటెన్లు, ఐలాండ్లు ఎటు జరిపినా ఇది తేలదు. మార్చాల్సింది స్పెల్స్‌ని.

అదీ కాక, ఆ రెండు కార్డులూ ఒక డెక్‌లో ఇమిడేవి కావని నా గట్టి అభిప్రాయం. స్విఫ్ట్‌స్పియర్ బలం పెరగాలంటే మన టర్న్‌లో మానా ఖర్చుపెట్టి స్పెల్స్ వేస్తూ దాడి చేయాలి. కౌంటర్‌స్పెల్ వేయాలంటే అదే మానాని ఎదుటివాళ్ల టర్న్ కోసం దాచాలి. కాబట్టి ఏదో ఒకటి తేల్చుకోండి.

దూకుడుగా ఆడాలనుంటే కౌంటర్‌స్పెల్ తీసేసి అలాంటిదే అయిన మానా లీక్ పెట్టండి. దానికి ఒక నీలం, ఇంకొకటి ఏ రంగైనా చాలు. అప్పుడు 14, 13 కలిపి 27. మూడు డ్యూయల్స్‌తో సరిపోతుంది, మీకు నాలుగున్నాయి. ఎయిర్ ఎలిమెంటల్స్ కూడా రెండుకి తగ్గించి, ఆ చోటులో తక్కువ ఖర్చు ఎరుపు స్పెల్స్ చేర్చండి.

నిదానంగా, ఎదుటివాళ్లని అడ్డుకుంటూ కంట్రోల్ ఆడాలనుంటే స్విఫ్ట్‌స్పియర్ తీసేయండి. బోల్ట్ ఉండనివ్వండి, ఎందుకంటే దాని ఖర్చు ఒక్క మానాయే అయినా మొదటి టర్న్‌లోనే వేసి తీరాలనేం లేదు, ఐదో టర్న్‌లో వేసినా మూడు డ్యామేజే. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. కార్డు మీద రాసిన ఖర్చు వేరు, ఆ కార్డు మనకు అవసరపడే టర్న్ వేరు.

బూడిదగద్ద:

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తున్నాను, ఒక్క సవరణ తప్ప. స్విఫ్ట్‌వాటర్ క్లిఫ్స్ ట్యాప్ అయి దిగుతుంది, అంటే దింపిన టర్న్‌లో దాని మానా వాడలేం. మొదటి టర్న్‌లో అదొక్కటే ఎరుపు సోర్సు అయితే స్విఫ్ట్‌స్పియర్ పడదు. కాబట్టి మొదటి టర్న్ కార్డుల విషయంలో క్లిఫ్స్‌ని పూర్తి సోర్సుగా లెక్కేయకండి.

10 మౌంటెన్లు, 10 ఐలాండ్లు, 4 క్లిఫ్స్ పెడితే కాగితం మీద 14, 14 అందంగా కనిపిస్తుంది. కానీ మొదటి టర్న్‌లో పనికొచ్చే ఎరుపు పదే. నేనైతే 11 మౌంటెన్లు, 9 ఐలాండ్లు, 4 క్లిఫ్స్ పెడతాను. ఎరుపు 15, నీలం 13. మొదటి చేతిలో మౌంటెన్ లేకపోయే అవకాశం 26 నుంచి 22 శాతానికి తగ్గుతుంది, మానా లీక్‌కి కావాల్సిన 13 అలాగే ఉంటాయి.

తర్వాత ఎప్పుడైనా డ్యూయల్స్ సంపాదిస్తే ముందు షివన్ రీఫ్ చూడండి. రంగు మానా తీసుకున్నప్పుడల్లా మనకు ఒక డ్యామేజ్ తగులుతుంది గానీ, ట్యాప్ కాకుండా దిగుతుంది. స్టీమ్ వెంట్స్ అయితే దింపేటప్పుడు రెండు లైఫ్ ఇస్తే ట్యాప్ కాదు. మీలాంటి వేగమైన డెక్‌కి క్లిఫ్స్ ఇచ్చే ఒక లైఫ్ కంటే ఆ ఒక్క టర్న్ చాలా విలువైంది.

తొలిమెరుపు:

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. దూకుడు దారే ఎంచుకుంటున్నాను. ఇంకొక్క సందేహం. ఇజ్జెట్ చార్మ్‌కి ఒక ఎరుపు, ఒక నీలం కావాలి కదా. దాన్ని ఏ లెక్కలో వేయాలి? హైబ్రిడ్ కార్డులకీ ఇదే పద్ధతా?

మూడోఐలాండ్:

ఇజ్జెట్ చార్మ్‌ని రెండు లెక్కల్లోనూ వేయాలి. అది రెండో టర్న్‌లో వేయాలంటే ఎరుపూ ఉండాలి, నీలమూ ఉండాలి, ఏ ఒక్కటి లేకపోయినా ఆగిపోతుంది. రెండు రంగుల కార్డులు బలంగా కనిపిస్తాయి గానీ, అవి పెరిగేకొద్దీ ల్యాండ్స్ మీద ఒత్తిడి పెరుగుతుంది. హైబ్రిడ్ దీనికి పూర్తిగా రివర్సు. 2005లో రావ్నికాతో వచ్చిన ఆ సింబల్‌కి రెండు రంగుల్లో ఏది ఉన్నా చాలు. మీ డెక్‌లో ఎరుపు-నీలం హైబ్రిడ్ సింబల్‌కి 24 ల్యాండ్స్‌లో ప్రతిదీ సోర్సే. అలాంటి కార్డులు దొరికితే మొహమాటం లేకుండా పెట్టేయండి.

చార్మ్ నాలుగూ ఉంచండి, మీకు అది రెండో టర్న్‌లోనే పడాల్సిన అవసరం లేదు. ఎలక్ట్రోలైజ్‌ని మాత్రం రెండుకి తగ్గించి చూడండి. ఇంకో మాట, మొదటి చేతిలో క్లిఫ్స్, మౌంటెన్ రెండూ ఉండి స్విఫ్ట్‌స్పియర్ లేకపోతే క్లిఫ్స్‌ని మొదటి టర్న్‌లోనే దింపేయండి. రెండో టర్న్‌కి మౌంటెన్ వేస్తే రెండు రంగులూ తెరుచుకుని ఉంటాయి, మానా లీక్ గానీ చార్మ్ గానీ ఏది వచ్చినా వేయొచ్చు.