తామర ఆయింట్‌మెంట్ వల్ల బీపీ పెరుగుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పండి

పాలకొల్లు అమ్మాయి
మా నాన్నకు 52 ఏళ్ళు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పని. ఏడాది కిందటి వరకు బీపీ అన్న మాటే లేదు. ఇప్పుడు రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా 160/100 కంటే దిగడం లేదు. ఉప్పు తగ్గించాం, ఆవకాయ, ఎండుచేపలు మాన్పించాం. మొన్న గజ్జల్లో తామర తగ్గడం లేదని చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళితే, ఆవిడ పొట్ట మీద ఊదారంగు చారలు చూసి, “ఈ ట్యూబు ఎన్నాళ్ళుగా రాస్తున్నారు?” అని అడిగారు. బీపీ డాక్టరు ఏ మాత్రలు వాడుతున్నారని అడిగారే గానీ ఆయింట్‌మెంట్ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఒంటి మీద రాసే మందు బీపీ దాకా వెళుతుందా అండీ?

లంక రైతు
వెళుతుందమ్మా. మా బావమరిదికి జరిగింది. ముఖం గుండ్రంగా తయారైంది, పొట్ట వచ్చింది. ఒళ్ళు చేశాడని ఇంటిల్లిపాదీ సంతోషించాం. కాళ్ళూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. ఆ తేడా మేం గమనించలేదు. బీపీ, షుగర్ రెండూ బయటపడ్డాకే డాక్టర్లు ట్యూబు చేతిలోకి తీసుకుని చదివారు. మీ నాన్నగారికి షుగర్ పరీక్ష కూడా చేయించండి.

మందుల షాపు, నరసాపురం
ఇరవై ఏళ్ళుగా కౌంటర్లో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ట్యూబు మీద క్లోబెటాసోల్ అనో, బెటామెథసోన్ అనో ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపే ఉంటాయి. స్టెరాయిడ్ దురదను వెంటనే అణిచేస్తుంది, అందుకే మందు బాగా పనిచేసిందనిపిస్తుంది. ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. మళ్ళీ దురద, మళ్ళీ ట్యూబు.

క్లోబెటాసోల్ వరసగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడకూడదు. గజ్జల్లో చర్మం పలచన, పైగా తడి బట్ట అంటుకుని ఉంటుంది. అక్కడ మందు మరింతగా ఒంట్లోకి దిగుతుంది. అలా దిగిన స్టెరాయిడ్ ఎక్కువైతే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. 2018లోనే వీటిని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చారు. అయినా నాట్ల రోజుల్లో ఖాళీ ట్యూబు తెచ్చి, ఇదే ఇవ్వండి అని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. చీటీ లేదని పంపిస్తే పక్క షాపులో కొనుక్కుంటారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

అమలాపురం మాస్టారు
ఒక్క మాట. నాకు బీపీ ఉంది, మోచేతుల మీద సోరియాసిస్ కూడా. డాక్టరు చెప్పినన్ని రోజులే, చెప్పినంతే స్టెరాయిడ్ రాస్తాను. రాసిన రోజుల్లోనూ, ఆపిన రోజుల్లోనూ నా బీపీ ఒక్కలాగే ఉంది. బీపీకి కారణం వెతికితే కిడ్నీలో తేలింది. కాబట్టి తప్పంతా ట్యూబుదే అనుకుని మిగతా పరీక్షలు ఆపకండి. ఇది చదివి ఎవరూ డాక్టరు రాసిన మందు భయపడి పారేయవద్దు.

నర్సు, కాకినాడ
మాస్టారు గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. నెలల తరబడి రాసినవాళ్ళు తమంతట తాము ఒక్కసారిగా మానకూడదు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్) తయారు చేయడం తగ్గించేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం, ఒక్కొక్కసారి ప్రాణం మీదికే వస్తుంది. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం తీసి కార్టిసాల్ చూస్తారు. ఎలా తగ్గించాలో ఆ డాక్టరే చెప్పాలి. మందు తగ్గే కొద్దీ బీపీ కూడా దిగవచ్చు, అందుకని బీపీ మాత్రల మోతాదు గురించి కూడా అడుగుతూ ఉండండి.

పాలకొల్లు అమ్మాయి
అందరికీ దణ్ణాలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. చెరువు గట్టు మీద షెడ్డు చూరులో, చివరి దాకా చుట్ట చుట్టి పిండిన ఖాళీ ట్యూబులు దోపి ఉన్నాయి. దింపి లెక్కపెట్టాను, 37. ఒక్కొక్కటి 30 గ్రాములు. నాలుగు రోజులకు ఒకటి అయిపోయేదని నాన్న చెప్పారు. అంటే వారానికి 50 గ్రాములు దాటింది. అన్నిటి మీదా క్లోబెటాసోల్ అనే ఉంది. కార్టిసాల్ బాగా తక్కువగా వచ్చింది. ఇప్పుడు డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గిస్తున్నాం, తామరకు ఫంగస్ మాత్రలు మొదలుపెట్టారు. మొదటి వారం దురదకు నిద్రపోలేదు పాపం. నిన్న సాయంత్రం బీపీ 138/88.

నాన్నతో పనిచేసే నలుగురి ట్యూబులూ అడిగి తెచ్చి చూశాను. మూడింటి మీద అదే పేరు. వాళ్ళలో ఎవరూ ఇంతవరకు బీపీ చూపించుకోలేదట. ఆదివారం బీపీ మిషను పట్టుకుని చెరువు దగ్గరికి వెళుతున్నాను.