సమస్యాపూరణం: “కవచ మెక్కువైనఁ గలుగు ముప్పు”

సమస్య ఇచ్చినవారు (సత్యనారాయణపురం, విజయవాడ):

ఈసారి సమస్య ఆటవెలది నాలుగవ పాదం. విషయం కురుక్షేత్రం కాదు. 2003 నుండి నడుస్తున్న ‘ఈవ్ ఆన్‌లైన్’ అంతరిక్ష క్రీడలో ఓడకు రక్షణ మాడ్యూళ్లను (బిగించుకునే పరికరాలను) ఎంచుకోవడం. కవచం పెరిగితే మేలే గదా, ముప్పెలా కలుగుతుందన్నదే చిక్కు గనుక, దానికి కారణం ఆటలోని లెక్కల నుండే రావాలి. కర్ణుని కవచకుండలాలను తెచ్చి తప్పించుకునే పూరణలను స్వీకరించను.

పూరణ 1 (బ్రాడీపేట, గుంటూరు):

ఉక్కు పలక లెన్నొ యోడకుఁ దొడిగిన
బరువు మించి కదల వశము గాదు
తప్పుకొనెడి వేళ దాటిపోవునుగదా
కవచ మెక్కువైనఁ గలుగు ముప్పు

ఇది స్వానుభవమేనండీ. బ్యాటిల్‌షిప్‌కు 1600 మి.మీ. పలకలు మూడు బిగించాను. ఒక నక్షత్రమండలం నుండి మరొకదానికి దాటించే గేటు దగ్గర శత్రువులు కనబడి, ముక్కు వార్ప్ (మెరుపువేగపు దూరప్రయాణం) దిశకు తిరిగేలోపే ఓడ పేలిపోయింది.

విమర్శ: యతులు, గణాలు కుదిరాయి. గరిష్ఠ వేగంలో 75 శాతం అందుకుంటే తప్ప వార్ప్ మొదలుకాదు; పలకల బరువు ఆ వేగాన్ని అందుకునే సమయాన్ని పెంచుతుంది. కాబట్టి “వశము గాదు” అతిశయోక్తి అయినా మూడవ పాదం అక్షరాలా నిజం.

పూరణ 2 (పటమట, విజయవాడ):

ఒక్క జాతి దొడుగ నొకటిపై నొక్కటి
మూఁడవదియు సగమె మోయు బలము
చిల్లు విడిచి పెట్టఁ జేరు నగ్నిశరము
కవచ మెక్కువైనఁ గలుగు ముప్పు

విమర్శ: అమ్మా, భావం ఈ మూడింటిలోకీ పదునైనది. ఒకే నష్టాన్ని ఆపే హార్డెనర్లను వరుసగా పెడితే రెండవది తన బలంలో 87 శాతం, మూడవది 57 శాతం, నాలుగవది 28 శాతం మాత్రమే పనిచేస్తాయి. 57ను సగమనడం కవికి చెల్లుతుంది. చెల్లనిది “అగ్నిశరము”. ఆటలో దెబ్బలు నాలుగు రకాలు: విద్యుదయస్కాంత, ఉష్ణ, గతిజ, విస్ఫోటక. సాధారణ ఓడ షీల్డ్‌కు (బయటి శక్తికవచానికి) వీటి మీద సహజ నిరోధం వరుసగా 0, 20, 40, 50 శాతం ఉంటుంది. అసలు చిల్లు, అంటే రక్షణలేని చోటు, మొదటిదైతే, మీరు నిప్పును పంపారు! “చిల్లు విడిచి పెట్టఁ జేరు మెఱుపుటమ్ము” అంటే గణాలూ నిలుస్తాయి, లెక్కా నిలుస్తుంది.

పటమట సభ్యురాలు: సవరణ శిరోధార్యం. నేను ఆర్మర్ (షీల్డ్ లోపలి లోహకవచం) మీద ఆధారపడే ఓడలే నడుపుతాను. వాటికి విస్ఫోటకం దగ్గర బలహీనత గనుక నిప్పు అనేశాను.

పూరణ 3 (అరండల్‌పేట, గుంటూరు):

వలయ మెంత పెరుగు వైరి కంతయె గుఱి
చిన్న యోడ దొరకు శీఘ్రముగను
తేలికగను నెగురు దేహమే రక్షయౌ
కవచ మెక్కువైనఁ గలుగు ముప్పు

విమర్శ: షీల్డ్ ఎక్స్‌టెండర్ (షీల్డ్‌ను పెంచే పరికరం) బిగిస్తే ఓడ సిగ్నేచర్ (శత్రువు సెన్సర్లకు కనిపించే పరిమాణం) పెరిగి, శత్రువు త్వరగా లాక్ చేయగలడన్న (గురి కట్టగలడన్న) సంగతిని పట్టుకున్నారు, సంతోషం. అయితే “ముగను”, “కగను” వరుస పాదాల్లో పాదపూరణకే వచ్చాయి. మూడవదానిని “తేలి యెగురు నట్టి దేహమే రక్షయౌ” అని దిద్దవచ్చు. ఇక వెబ్ అనే వేగనిరోధక పరికరం తగిలి వేగం పడిపోయిన చిన్న ఓడకు ఈ రక్ష ఎక్కడిది?

అరండల్‌పేట సభ్యుడు: ఆ షరతుకు ఆటవెలదిలో చోటు చాలలేదండీ, సీసం ఎత్తుకోవలసింది.